బూడిద రంగు పైపులున్న పాత ఇల్లు: పెక్స్ వేయించాలా, కాపరా, సీపీవీసీయా?

మా అమ్మ ఇండియా నుంచి వచ్చి పది రోజులైందేమో. ఆదివారం పొద్దున్నే భోజనాల గదిలోంచి కేకేసింది. "ఒరేయ్, ఇలా రా. పైనుంచి నీళ్లు కారుతున్నాయి. బయట వాన కూడా లేదే!" వెళ్లి చూస్తే సీలింగ్ మీద పళ్లెమంత గోధుమ రంగు మరక, దాని మధ్యలోంచి చుక్కలు. అమ్మ అప్పటికే కింద గిన్నె పెట్టేసింది. నేను గరాజ్‌లోకి పరిగెత్తి మెయిన్ వాల్వ్ కట్టేసేలోపే ఆ మరక ఉబ్బి, షీట్‌రాక్ (జిప్సం బోర్డు) ముక్క ఊడి టేబుల్ మీద పడింది.

మధ్యాహ్నం వచ్చిన ప్లంబర్ పాడైన చోట కోసి, ఒక ఎల్బో (మలుపు దగ్గర పైపుల్ని కలిపే ముక్క) తీసి నా చేతిలో పెట్టాడు. బూడిద రంగు ప్లాస్టిక్, బొటనవేలంత ఉంటుంది. బయటినుంచి చూస్తే ఏ లోపమూ లేదు. లోపల గోరు పెట్టి గీకితే పాత గోడ మీది సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. "ఇలాంటివి ఈ ఇంట్లో ఇంకా చాలా ఉంటాయి" అన్నాడు. ఆ మాటతో పట్టుకున్న టెన్షన్ నాలుగు నెలలు వదల్లేదు. పెక్స్ అనే వంగే ప్లాస్టిక్, కాపర్, సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్, ఈ మూడింట్లో ఏ పైపు వేయించాలి, ఎంత మేర మార్పించాలి, ఎవరితో చేయించాలి అని తిరిగిన తిరుగుడులో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మాది నార్త్ కరోలినాలో రాలీ పక్కన కేరీ, ఇల్లు 1988లో కట్టింది. షార్లెట్, అట్లాంటా, డాలస్ చుట్టుపక్కల ఆ కాలం ఇళ్లు కొంటున్న మనవాళ్లకి కూడా ఇదే సమస్య ఎదురవుతుంది.

మీ ఇంట్లో ఉన్నది అదేనా?

ఆ బూడిద రంగు పైపు పేరు పాలిబ్యుటిలీన్. 1978 నుంచి 1995 దాకా అమెరికాలో కట్టిన ఇళ్లలో దీన్ని విరివిగా వేశారు. కాపర్ కంటే చవక, చేత్తో వంచితే వంగుతుంది, పని తొందరగా అయిపోతుంది. 60 లక్షల నుంచి కోటి ఇళ్ల వరకు వేసి ఉంటారని అంచనా. నీళ్లని శుద్ధి చేయడానికి కలిపే క్లోరిన్ ఈ పైపునీ, దీని జాయింట్లకి వాడిన ఎసిటల్ ప్లాస్టిక్ ఫిట్టింగుల్నీ లోపలి నుంచి తినేస్తూ వస్తుందని తర్వాత తేలింది. ముడిసరుకు తయారుచేసిన కంపెనీల మీద క్లాస్ యాక్షన్ కేసు (బాధితులందరి తరఫునా ఒకే కేసు) నడిచి, 1995లో 95 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ కుదిరింది. దాని కింద క్లెయిమ్ చేసుకునే గడువు 2009లోనే అయిపోయింది. కాబట్టి ఇప్పుడు ఆ ఖర్చంతా ఇంటాయన జేబులోంచే.

సింక్ కింద చూసి నిర్ణయించుకోకండి. నేను ఇల్లు కొనేటప్పుడు చేసిన పొరపాటు అదే. చాలా ఇళ్లలో గోడలోంచి బయటికొచ్చే చివరి ముక్క మాత్రం కాపర్ పెట్టారు. అది చూసి ఇల్లంతా కాపరే అనుకుంటాం, గోడ లోపల మాత్రం బూడిద రంగు పైపే ఉంటుంది. వాటర్ హీటర్ దగ్గర, మెయిన్ లైన్ ఇంట్లోకి వచ్చే చోట, క్రాల్ స్పేస్‌లో (ఇంటికీ నేలకీ మధ్య పాకుతూ వెళ్లే ఖాళీ), అటక మీద చూడాలి. మెరుపు లేని బూడిద రంగు, పైన ఇంగ్లీషులో పీబీ అన్న రెండక్షరాలు, పక్కన 2110 అనే అంకె కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. తెలుపు, నలుపు రంగుల్లో కూడా వచ్చింది. మీటర్ నుంచి ఇంటికి మట్టిలో వేసిన లైను నీలం రంగులో ఉండటం మామూలు. నార్త్ కరోలినాలో ఇల్లు అమ్మేవాళ్లు నింపే డిస్‌క్లోజర్ ఫారంలో పైపుల రకం అడిగే చోట పాలిబ్యుటిలీన్ అని విడిగా ఒక గడి ఉంటుంది. దాని పక్కన టిక్కు ఉందో లేదో చూడకుండా ఆఫర్ పెట్టకండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ముందే కనుక్కోండి. ఈ పైపులున్న ఇంటికి కొన్ని కంపెనీలు పాలసీ ఇవ్వవు. కొన్ని ఇచ్చినా నీళ్ల నష్టాన్ని మినహాయిస్తాయి. క్లోజింగ్‌కి (ఇల్లు మన పేరు మీదికి మారే రోజుకి) వారం ముందు ఈ విషయం తెలిస్తే చేసేదేమీ ఉండదు.

పైపు కంటే ముందు అతుకుని చూడండి

అందరూ పైపుల్ని పోలుస్తారు. నేనూ మొదట అదే చేశాను. కానీ మా ఇంట్లో విరిగింది పైపు కాదు, అతుకు. పాలిబ్యుటిలీన్ ఇళ్లలో చాలాచోట్ల కథ అతుకు దగ్గరే మొదలైంది. ఆ తర్వాత 1995 నుంచి 2007 వరకు కైటెక్ అనే మరో రకం వచ్చింది. మధ్యలో అల్యూమినియం పొర, బయట నారింజ లేదా నీలం రంగు. అక్కడ కూడా ఇత్తడి ఫిట్టింగుల్లోంచి జింక్ కరిగిపోయి అతుకుల దగ్గరే ఇబ్బంది వచ్చింది. అందుకే ఏ పైపు గురించి విన్నా నేను ముందు అడిగే ప్రశ్నలు మూడే. దీని అతుకు ఎలా వేస్తారు? గోడ లోపల ఎన్ని అతుకులు దాగిపోతాయి? అతుకు సరిగ్గా పడిందని ఎలా తెలుస్తుంది?

ఇంకొక సంగతి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లో డాబా మీది ట్యాంకు నుంచి పది అడుగుల కిందున్న కొళాయికి నీళ్లు వచ్చే ఒత్తిడి నాలుగు పీఎస్ఐకి (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అనే ఒత్తిడి కొలత) కాస్త ఎక్కువ. అక్కడ అతుకు వదులైతే చుక్క చుక్కగా కారుతుంది, తీరిగ్గా ప్లంబర్‌ని పిలుస్తాం. ఇక్కడ 50, 60 పీఎస్ఐ మామూలు. మీటర్ దగ్గరి నుంచే ఆ ఒత్తిడితో ఇరవై నాలుగు గంటలూ నిలబడి ఉంటుంది. ట్యాంకు అయిపోవడం అనేది లేదు. మనం ఆఫీసులో ఉన్నప్పుడు అతుకు వదిలితే సాయంత్రం దాకా పారుతూనే ఉంటుంది.

పాడైన చోట అతికిస్తే చాలదా?

మొదటి లీకు తర్వాత నేను అదే చేశాను. పాత పైపుకి కొత్త రకం పైపుని కలిపే ట్రాన్సిషన్ ఫిట్టింగులు దొరుకుతాయి, ప్లంబర్ గంటలో పని ముగించాడు. ఏడు వారాలకి మేడ మీది బాత్రూమ్ గోడలో ఇంకొకటి వదిలింది. అదే నీళ్లు, అదే వయసు, అదే ఫిట్టింగు. ఒకటి పోయిందంటే మిగతావి అదే దారిలో ఉన్నాయనే లెక్క. పైగా ప్రతిసారీ షీట్‌రాక్ కోయించడం, పూయించడం, రంగు వేయించడం తప్పదు. ఆరు నెలల్లో ఇల్లు అమ్మేస్తున్నారు, కొనేవాళ్లకి నిజం చెప్పి ధర తగ్గిస్తున్నారు అంటే పాడైన చోట మాత్రం బాగు చేయించుకుని ఊరుకోవచ్చు. ఉండబోయే ఇల్లయితే మొత్తం మార్పించండి. మీటర్ నుంచి వచ్చే లైను కూడా పాలిబ్యుటిలీన్ అయితే దాన్నీ అప్పుడే తీయించండి. ఇంట్లో కొత్త పైపులేసి, పెరట్లో పాతది ఉంచేసిన ఇల్లు మా వీధిలోనే ఒకటుంది. మరుసటి ఏడాది వాళ్లు లాన్ మొత్తం తవ్వించాల్సి వచ్చింది.

సీపీవీసీ

మన దగ్గర కొత్త ఇల్లు కట్టే ఎవరినడిగినా వేడినీళ్లకి సీపీవీసీ అంటారు. మా నాన్న ఫోన్లో మొదట అడిగింది కూడా "సీపీవీసీ వేయించక ఇంకేమిటిరా?" అనే. విజయవాడలోని మా ఇంట్లో అదే ఉంది, బాగుంది. ఇక్కడ కూడా కోడ్ ప్రకారం అది చెల్లుతుంది, 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 100 పీఎస్ఐ తట్టుకుంటుంది, క్లోరిన్ దాన్ని ఏమీ చేయదు. ధర కూడా తక్కువే.

అయినా కట్టేసిన ఇంట్లో పాత పైపులు మార్చడానికి నేను దీన్ని ఎంచుకోను. కారణం ఇది కర్రలాంటి పైపు, వంగదు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు గోడలు తెరిచే ఉంటాయి, ఎక్కడికక్కడ ఎల్బో పెట్టి సొల్యూషన్ పూసి అతికించుకుంటూ పోవచ్చు. కట్టేసిన ఇంట్లో ప్రతి మలుపు దగ్గరా గోడ తెరవాలి, ప్రతి మలుపుకీ రెండు అతుకులు. సొల్యూషన్ తక్కువ పూసినా, ఆరకముందే కదిలించినా, వెంటనే నీళ్లు వదిలినా ఆ అతుకు బలహీనమే. అటక మీద పడుకుని చీకట్లో పని చేసేవాడి చేతిలో ఈ మూడూ జరగొచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ పైపు పెళుసుబారుతుంది, తర్వాత ఏదైనా రిపేరుకి కోయబోతే పక్కన చీలుతుంది. కొన్ని రకాల స్ప్రే ఫోములు, నూనెలు, వైర్ల తొడుగుల్లో ఉండే ప్లాస్టిసైజర్లు తగిలితే పగుళ్లు వస్తాయి. మన దగ్గర గోడలో గాడి కొట్టి సిమెంటులో పూడ్చేస్తాం కాబట్టి పైపు కదలదు. ఇక్కడ చెక్క ఫ్రేముల మధ్య వేలాడుతూ ఉంటుంది. ఊళ్లో మంచిదైన పైపు ఇక్కడి ఇంటికి కూడా అంతే మంచిదవ్వాలని లేదు.

కాపర్

కాపర్ అంటే మనకి ఒక గౌరవం. రాగి చెంబులో నీళ్లు తాగి పెరిగినవాళ్లం. ఎండ దీన్ని ఏమీ చేయదు, ఎలుక కొరకలేదు, బాగా వేస్తే 50 ఏళ్లు ఢోకా లేదు. కొనదలిస్తే టైప్ ఎల్ అడగండి, దాని మీద రాతలు నీలం రంగులో ఉంటాయి. ఎర్ర రాతలుండే టైప్ ఎమ్ గోడ పలచన. కొటేషన్‌లో ఊరికే కాపర్ అని రాసి ఉంటే ఏ టైపో రాయించుకోండి. ఆ ఒక్క అక్షరంలో చాలా డబ్బు దాగి ఉంటుంది.

దీని అతుకు టంకం. మంచి పనివాడి చేతిలో టంకం వేసిన అతుకు నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది: చుట్టూ వెండి గీతలా సన్నగా, ఎక్కడా తెగకుండా. మంచినీళ్ల పైపుల్లో సీసం కలిపిన టంకం 1986 నుంచి ఇక్కడ నిషిద్ధం, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. భయపడాల్సింది టార్చ్ మంట గురించి. పాత ఇంటి అటకలో ఎండిన చెక్క, ఇన్సులేషన్ మధ్య మంట వెలిగించి పని చేయాలి. ఇప్పుడు మంట లేకుండా యంత్రంతో నొక్కి బిగించే ప్రెస్ ఫిట్టింగులు వచ్చాయి, వాటికి ధర ఎక్కువ.

నీళ్లు చూసుకోకుండా కాపర్ జోలికి పోకండి. ఊరి బయట సొంత బావి నీళ్లున్న ఇళ్లలో పీహెచ్ 6.5 కంటే కిందుంటే ఆ నీళ్లు రాగిని కొరుకుతాయి. సూది మొనంత రంధ్రాలు పడతాయి, సింకుల్లో పచ్చటి మరకలు కడతాయి. మునిసిపల్ నీళ్లయితే అంత భయం లేదు. మా ఇంటికి వచ్చిన మూడు కొటేషన్లలో కాపర్‌ది పెక్స్ కంటే దాదాపు రెట్టింపు. ఆ తేడాకి తగ్గ లాభం మా ఇంట్లో నాకు కనిపించలేదు. ఎలుకల బెడద విపరీతంగా ఉన్న ఇల్లయితే మాత్రం నేనూ కాపర్ వైపే మొగ్గేవాణ్ణి.

పెక్స్

చివరికి మేం వేయించింది ఇదే. మొదట నాకు ససేమిరా నచ్చలేదు. వంగే ప్లాస్టిక్ పైపు వల్లే కదా ఇంత అయింది, మళ్లీ వంగే ప్లాస్టిక్ పైపేనా అనిపించింది. ఆ అనుమానం మీకూ వస్తే తప్పు లేదు. తేడా ఏమిటంటే, పెక్స్ అంటే అణువుల గొలుసుల్ని అడ్డంగా ఒకదానికొకటి ముడివేసిన పాలిథిలీన్. దాన్ని అమ్మాలంటే వేడి క్లోరిన్ నీళ్లని ఎంతవరకు తట్టుకుంటుందో పరీక్షించాలి, ఆ ఫలితం పైపు మీదే రాసి ఉంటుంది. పైపు పొడుగునా ముద్రించిన రాతల్లో పెక్స్ అన్న పేరు తర్వాత 5306 లాంటి నాలుగంకెలు ఉంటాయి. మొదటి అంకె క్లోరిన్‌ది, 5 ఉంటే అన్నిటికంటే గట్టిది. రెండో అంకె ఎండది, 3 అంటే ఆరు నెలల ఎండ తట్టుకుంటుందని. మా ప్లంబర్ తెచ్చిన చుట్ట మీద ఆ అంకెలు నేను వేలు పెట్టి చదివిన తర్వాతే మనసు కుదుటపడింది.

పెక్స్‌లో ఏ, బీ అని రెండు రకాలు ఇళ్లలో ఎక్కువ వాడతారు. ఇది నాణ్యతకి వేసిన గ్రేడ్ అనుకుంటారు చాలామంది. కాదు, తయారీ పద్ధతికి పెట్టిన పేరు. బీ రకం కాస్త బిరుసు, ధర తక్కువ. దాని అతుకులో ఫిట్టింగు పైపు లోపలికి వెళ్తుంది, బయట రాగి రింగు పెట్టి నొక్కుతారు. లోపల ఫిట్టింగు ఉండటంతో ఆ చోట దారి ఇరుకవుతుంది. పెక్స్-ఏ ఎక్కువ మెత్తన. దాని అతుకు చూడముచ్చటగా ఉంటుంది: పైపు చివర ప్లాస్టిక్ రింగు తొడిగి, యంత్రంతో మూతిని వెడల్పు చేసి, ఫిట్టింగు మీదికి తోస్తారు. రెండు మూడు క్షణాల్లో పైపు తనంతట తనే మళ్లీ ముడుచుకుని ఫిట్టింగుని పట్టేస్తుంది. ఆ పట్టు బలం పైపు గుణంలోనే ఉంది కాబట్టి పనివాడి చేతి మీద ఆధారపడేది కొంచెం తగ్గుతుంది. నీళ్ల దారి కూడా అంతగా ఇరుకవదు. మడత పడితే వేడిగాలితో సరిచేయొచ్చు, బీ రకంలో ఆ ముక్క కోసేయాల్సిందే.

నా ఎంపిక పెక్స్-ఏ. అలాగని బీ వద్దని చెప్పను. రింగు నొక్కిన ప్రతిచోటా గేజ్ పెట్టి కొలిచే ప్లంబర్ దొరికితే, బీ రకం కూడా హాయిగా వేయించుకోవచ్చు. గేజ్ ఉందా అని అడగండి. జేబులోంచి తీసి చూపించేవాడు ఒక రకం, "ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నాను, చేయి చెప్తుంది" అనేవాడు ఇంకో రకం. నేను మొదటివాడికే పని ఇస్తాను.

పెక్స్ లోపాలు కూడా చెప్పాలి. ఎండలో నెలల తరబడి ఉంటే పాడైపోతుంది, కాబట్టి ఇంటి బయట గోడ మీద వేయకూడదు. ఎలుకలు కొరుకుతాయి. వాటర్ హీటర్‌కి నేరుగా తగిలించకూడదు, మొదటి 18 అంగుళాలు లోహపు పైపు ఉండాలని చాలా చోట్ల కోడ్. అన్నిటికంటే జనం మరిచిపోయేది సైజు. అర అంగుళం అని పేరున్నా పెక్స్ లోపలి వెడల్పు 0.475 అంగుళం, అదే టైప్ ఎల్ కాపర్‌లో 0.545. రెండు మూడు బాత్రూములున్న ఇంట్లో మెయిన్ లైను ఒక అంగుళం వేయించండి. లేకపోతే పొద్దున్న పిల్లలు ఒకవైపు, పెద్దలు ఒకవైపు స్నానాలకి వెళ్తే షవర్ సన్నబడుతుంది.

పెక్స్ వేయించేటప్పుడు తేల్చుకోవాల్సిన మరో విషయం మ్యానిఫోల్డ్. మెయిన్ లైను దగ్గర ఒక పెట్టెలాంటిది పెట్టి, ఒక్కో ట్యాపుకీ అక్కడినుంచి విడిగా ఒక్క పైపు, మధ్యలో అతుకు లేకుండా లాగుతారు. పైపు ఎక్కువ ఖర్చవుతుంది, వేడినీళ్లు రావడానికి ఒక్కోసారి కాస్త ఆలస్యమవుతుంది. కానీ గోడలో దాగే అతుకులు దాదాపు ఉండవు, ఏ బాత్రూముకి ఆ బాత్రూము ఆపుకోవచ్చు. సీలింగ్ ఊడిపడటం చూసినవాణ్ణి కాబట్టి నేను అటే వెళ్లాను.

ఇల్లు ఎలాంటిది?

కేరీలో మాలాగా కింద క్రాల్ స్పేస్ ఉంటే సగం పని అక్కడినుంచే అయిపోతుంది, గోడలు తక్కువ తెరుస్తారు. డాలస్, ఆస్టిన్ వైపు చాలా ఇళ్లు కాంక్రీటు స్లాబ్ మీద ఉంటాయి. స్లాబ్ పగలగొట్టడం కంటే పాత పైపుల్ని అక్కడే వదిలేసి కొత్తవి అటక మీదుగా తేవడం తేలిక. అప్పుడు చలి సంగతి చూసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు అటకల మీద పైపులు పగిలి ఎన్ని ఇళ్లు తడిసిపోయాయో అక్కడున్న మనవాళ్లకి చెప్పక్కర్లేదు. పెక్స్ కొంచెం సాగుతుంది కాబట్టి కాపర్, సీపీవీసీల కంటే మెరుగే, కానీ అదీ పగలొచ్చు. పైపుల్ని అటక నేలకి ఆనించి, వాటి పైన ఇన్సులేషన్ కప్పించండి. పైపుల కింద ఇన్సులేషన్ ఉంటే ఇంటి వెచ్చదనం వాటికి అందదు. టౌన్‌హౌస్, కాండో అయితే గోడల్లోని పైపులు ఎవరి బాధ్యతో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) పత్రాలు చదివాకే కొటేషన్ అడగండి.

కొటేషన్ చేతికొచ్చాక

మొత్తం అంకె చూసి పోల్చొద్దు. మాకొచ్చిన వాటిలో అన్నిటికంటే తక్కువదాంట్లో గోడలు పూడ్చడం లేదు, పర్మిట్ లేదు, పాత షటాఫ్ వాల్వులు అలాగే ఉంచేస్తారట. ఇవన్నీ కలిపితే అదే రెండో స్థానానికి వచ్చింది. సింకుల కింద, టాయిలెట్ల దగ్గర వాల్వులన్నీ కొత్తవి వేయించండి, పావు తిప్పు తిప్పితే ఆగేవి. పెరటి కొళాయిలు కూడా అందులో కలిపారా అని అడగండి. షీట్‌రాక్ ఎవరు పూడుస్తారు, పాత గోడ మీది గరుకుతో కలిసేలా పూస్తారా, రంగు ఎవరిది అన్నది కాగితం మీద రాయించండి.

ఒత్తిడి కొలిపించండి. బయటి కొళాయికి బిగించే గేజ్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. 80 పీఎస్ఐ దాటితే ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వు ఉండాలి. అది ఉన్నచోట వాటర్ హీటర్ దగ్గర ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కూడా ఉండాలి, లేకపోతే నీళ్లు వేడెక్కిన ప్రతిసారీ పెరిగే ఒత్తిడి కొత్త అతుకుల మీదే పడుతుంది. మా ఇంట్లో గేజ్ 95 చూపించింది. ఇన్నాళ్లూ ఆ పాత ఫిట్టింగులు అంత ఒత్తిడిని ఎలా మోశాయో!

పర్మిట్ లేకుండా చేస్తే తగ్గిస్తామని ఒకాయన అన్నాడు. ఒప్పుకోకండి. పర్మిట్ ఉంటే గోడలు మూయకముందు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, లైన్లు ఒత్తిడి మీద ఉంచి చూస్తాడు. మన తరఫున పైసా తీసుకోకుండా అతుకులు చూసే మనిషి ఆయనొక్కడే. రేపు ఇల్లు అమ్మేటప్పుడు చూపించడానికి కాగితం కూడా ఉంటుంది.

మాకు పని నాలుగు రోజులు పట్టింది. పగలు నీళ్లు ఆపి, సాయంత్రానికి ఇచ్చేవాళ్లు. అమ్మ పొద్దున ఆరింటికే బకెట్లు, గిన్నెలు నింపి వరసగా పెట్టేది, మన ఊళ్లో కొళాయి వచ్చే వేళకి చేసినట్టు. గోడలు మూసే ముందు రోజు రాత్రి నేను ప్రతి గదిలో టేపు ఆనించి, పైపులు ఎక్కడ వెళ్తున్నాయో ఫోటోలు తీసుకున్నాను. తర్వాత ఇంట్లో ట్యాపులన్నీ కట్టేసి, బయటికెళ్లి మీటర్ మూత తీసి, టార్చి లైటు వేసి చూశాను. లీకుంటే తిరిగే చిన్న ఎర్ర త్రికోణం ఒకటి అందులో ఉంటుంది. అరగంట అక్కడే కూర్చున్నాను. అది కదల్లేదు.